పళ్ల పొందిక తెలిసిన యాంగిల్

అద్దం ముందు నిలబడి వెనుక పళ్లు కలిసేలా నోరు మూయండి. పెదవులు విప్పి చూడండి. డబ్బా మీది మూతలాగ పై వరుస కింది వరుసను బయటివైపు నుండి కొద్దిగా కప్పి ఉంటుంది. సాధారణంగా ఒక పన్ను ఎదుటి వరుసలోని రెండేసి పళ్లకు ఆనుతుంది. ఒకదాని మొన మరొకదాని గుంటలో ఇమిడితేనే ఆహారం చక్కగా నలుగుతుంది. ఈ పొందికను కొలిచి చూసే పద్ధతిని లోకానికి నేర్పినవాడు అమెరికా దేశపు దంతవైద్యుడు ఎడ్వర్డ్ హార్ట్లీ యాంగిల్.

యాంగిల్ 1855 జూన్ 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 1878లో దంతవైద్య పట్టా పుచ్చుకొని వృత్తి ప్రారంభించాడు. కొంతకాలానికి ఆరోగ్యం దెబ్బతినడంతో మోంటానాకు వెళ్లి గొర్రెల పెంపకానికి పూనుకున్నాడు. అది కలిసిరాలేదు. మినియాపొలిస్ నగరం చేరి మళ్లీ తన వృత్తినే చేపట్టాడు. పోగొట్టుకున్న గొర్రెల వల్ల దంతవైద్యానికి మేలే జరిగిందనాలి!

ఆ రోజుల్లో వంకర పళ్లను సరిచేసేవారు ఏ పన్ను వంకరగా ఉంటే దానినే చూసేవారు. అందుకు కావలసిన తీగలు, మరలు ఎవరికి వారే తయారుచేసుకొనేవారు. యాంగిల్ ముందుగానే చేసి ఉంచిన భాగాలతో ఒక పద్ధతి రూపొందించి, 1887లో వాషింగ్టన్ లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో వివరించాడు.

అయితే అతని అసలు కృషి 1899లో వెలువడింది. సుమారు ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండానే మొదటి చర్వణకం వస్తుంది. పై వరుసలోని ఈ పన్నునే యాంగిల్ మైలురాయిగా ఎంచుకున్నాడు. దాని బయటివైపు ముందు మొన, కింది చర్వణకం బయటివైపున ఉన్న గాడిలో కూర్చోవాలి. అది సరిగా కూర్చుని, మిగిలిన పళ్లు మాత్రమే వంకరగా ఉంటే మొదటి తరగతి. కింది చర్వణకం ఉండవలసినదానికంటే వెనుకకు ఉంటే రెండవ తరగతి. ఎత్తుపళ్లు చాలావరకు ఇందులోనివే. ముందుకు ఉంటే మూడవ తరగతి. ఇంత సులువైన పద్ధతి అంతకుముందు ఎవరికీ తోచలేదు. వేర్వేరు దేశాల వైద్యులు ఒకే మాటతో ఒకే లోపాన్ని గుర్తించడానికి వీలు కలిగింది.

పళ్లు సరిచేసే విద్యకు కళాశాలల్లో ప్రత్యేక స్థానం ఉండాలని అతని పట్టుదల. అది నెరవేరకపోవడంతో 1900లో సెయింట్ లూయిస్ నగరంలో తానే పాఠశాల స్థాపించాడు. అతని కార్యదర్శిగా పనిచేసిన అన్నా హాప్కిన్స్ తానూ దంతవైద్యం చదివింది. 1908లో వారికి వివాహమైంది.

యాంగిల్ ది మొండి స్వభావం. మొదట్లో చోటు చాలనప్పుడు పళ్లు తీయడాన్ని అంగీకరించిన అతడే తరువాత మనసు మార్చుకున్నాడు. పొందిక కుదరాలంటే ఒక్క పన్నూ తీయరాదన్నాడు. 1911లో కాల్విన్ కేస్ అనే వైద్యుడు దీనిని వ్యతిరేకించాడు. వాదం తీవ్రమైంది. యాంగిల్ పక్షమే అప్పటికి గెలిచినట్లు కనిపించింది.

తరువాత కాలిఫోర్నియాలో స్థిరపడిన యాంగిల్, డెబ్బై ఏళ్ల వయసులో తన సాధనాలన్నింటిలో మేలైనదానిని తయారుచేశాడు. గుండ్రని తీగ గాడిలో తిరిగిపోతుంది. పలకల తీగ అలా తిరగదు. కనుక అది పంటి పై భాగాన్నే కాక, చిగురులో దాగిన వేరును కూడా కదిలించగలదు. ఈ సాధనాన్ని 1928లో ప్రకటించాడు. 1930 ఆగస్టు 11న కన్నుమూశాడు.

అతని ప్రియశిష్యులలో ఒకడైన చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్లే పళ్లు తీయకుండా వైద్యం చేశాడు. కొన్నేళ్లకు చూస్తే చాలామందిలో పళ్లు మళ్లీ వంకర తిరిగాయి, కొందరికి ముందుకు పొడుచుకొచ్చాయి. అలాంటివారికి నాలుగు పళ్లు తీసి, మళ్లీ వైద్యం చేసి, 1940లో ఆ ఫలితాలను తోటి వైద్యుల ముందుంచాడు. పళ్లు తీయరాదన్న నియమం అక్కడ సడలింది. ఆ పళ్లను రెండోసారి సరిచేయడానికి ట్వీడ్ వాడింది మాత్రం గురువు ఇచ్చిన పలకల తీగనే.