ముత్యాల వర్తకుడు రాయ్‌చంద్ భాయి

సావనీరుకి ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడగగానే నాకు తట్టిన పేరు రాయ్‌చంద్ భాయి. కారణం దాచడం దేనికి? పోయిన ఎన్నికలప్పుడు ఒక వాదనలో నా రూమ్మేటుకీ నాకూ మాటలు పోయాయి. చెయ్యి చేసుకోలేదు గాని, అన్న మాటలు అంతకంటే తక్కువవి కావు. ఆ రోజుల్లోనే గాంధీజీ ఆత్మకథలో ఈయన గురించి చదివాను.

శ్రీమద్ రాజచంద్రగా జైనులు కొలిచే ఈయన 1867 కార్తీక పౌర్ణమి నాడు గుజరాత్‌లో, మోర్వీ ప్రాంతపు వవాణియా గ్రామంలో జన్మించారు. తండ్రి వైపు వాళ్లు కృష్ణభక్తులు, తల్లి జైన మతస్థురాలు. అంటే ఒకే ఇంట్లో రెండు దారులు చూస్తూ పెరిగారన్న మాట.

ఇరవై ఏళ్ల ప్రాయానికే బొంబాయిలో శతావధానం చేసి పండితుల్ని ఆశ్చర్యపరిచారు. అవధానమంటే మనకి తిరుపతి వెంకట కవులు గుర్తొస్తారు. వాళ్లూ ఇంచుమించు ఆ తరం వాళ్లే. అయితే రాయ్‌చంద్ భాయి, పేరు మోగుతున్న సమయంలోనే అవధానాలు కట్టిపెట్టేశారు. ఆత్మకి పనికిరాని చప్పట్లు ఆయనకి అక్కర్లేకపోయాయి.

సన్యాసం పుచ్చుకోలేదు. పెళ్లి చేసుకున్నారు, బొంబాయిలో ముత్యాలు, వజ్రాల వ్యాపారం చేశారు. లక్షల బేరం తెమలగానే బల్ల మీదున్న మత గ్రంథమో, తన డైరీయో తెరిచేవారని గాంధీజీ రాశారు. ఆ వ్యాపారం గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక వర్తకుడు ఫలానా ధరకి సరుకిస్తానని కాగితం రాసిచ్చాడట. ఇంతలో ధర పెరిగిపోయింది. మాట నిలుపుకుంటే అతని కొంప మునుగుతుంది. రాయ్‌చంద్ భాయి తానే అతని దగ్గరికి వెళ్లి ఆ కాగితం చింపేశారట. చీమని తొక్కకుండా నడవడం సులువే. చేతికొచ్చిన లాభాన్ని ఎదుటివాడి కోసం వదులుకోవడమే కష్టం.

1891 జులైలో గాంధీజీ బారిస్టరై బొంబాయిలో దిగారు. తల్లి చనిపోయిందన్న వార్త అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లోనే రాయ్‌చంద్ భాయితో పరిచయమైంది. సీమ చదువుల గర్వం కొంత ఉన్న ఆ యువకుడు, తనకొచ్చిన యూరపు భాషల మాటలన్నీ గుప్పించి పరీక్ష పెడితే, ఆయన వరస తప్పకుండా అన్నీ అప్పజెప్పారు.

తర్వాత దక్షిణాఫ్రికాలో గాంధీజీని క్రైస్తవ మిత్రులొకవైపు, ముస్లిం మిత్రులొకవైపు తమ మతంలోకి రమ్మని పిలిచారు. మనసు కలతపడి 1894లో ఆయన రాయ్‌చంద్ భాయికి ఇరవై ఏడు ప్రశ్నలు రాసి పంపారు. ఇంకొకరైతే జైనంలోకి రమ్మందురేమో! ఈయన ఓపిక పట్టమన్నారు, హిందూ ధర్మాన్ని లోతుగా చదవమన్నారు. పంపిన పుస్తకాల్లో యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం ఉంది, దర్శనాలన్నిటినీ పరిచయం చేసే హరిభద్రసూరి షడ్దర్శన సముచ్చయం ఉంది.

చివరి ప్రశ్న పాము గురించి. కాటెయ్యబోతుంటే చంపాలా, కాటెయ్యనివ్వాలా? ప్రాణం వదులుకోమని చెప్పడానికి తనకే సంకోచంగా ఉందని రాయ్‌చంద్ భాయి ముందు ఒప్పుకున్నారు. శరీరం నిలిచేది కాదని తెలిసినవాడు దానికోసం ఇంకో ప్రాణిని ఎలా చంపుతాడని అడిగారు. ఆ ఎరుక లేనివాడి సంగతి వేరే అంటూనే, అలాంటివాళ్లం కావాలని మనం కలలో కూడా కోరుకోకూడదన్నారు. నమ్మకంలో సడలింపు లేదు. ఎదుటివాడి భయాన్ని చిన్నచూపు చూడనూ లేదు.

జైనుల అనేకాంతవాదం నాకు ఇక్కడే అర్థమైంది. ఏనుగుని తడిమిన గుడ్డివాళ్ల కథ మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. చెవి తడిమినవాడు చేటలా ఉందనడం తప్పు కాదు. చేటే అనడం తప్పు. ఇదే అంటే యుద్ధం, ఇదీ అంటే సంభాషణ. తేడా ఒక్క అచ్చు! అలాగని అందరూ చెప్పేదీ ఒకటేనని చేతులు దులుపుకోవడం అనేకాంతం కాదు. ఏనుగు ఉంది, దాన్ని తెలుసుకోవడానికి పక్కవాడి చెయ్యి కూడా కావాలి.

1896లో నడియాద్‌లో ఆయన ఆత్మసిద్ధి రాశారు. నూట నలభై రెండు పద్యాల గురుశిష్య సంవాదమది. శిష్యుడి సందేహాల్ని గురువు కసరకుండా పూర్తిగా వింటాడు. 1901 ఏప్రిల్‌లో రాజకోటలో, ముప్ఫై మూడేళ్లకే కన్నుమూశారు. గాంధీజీ ఆయన్ని గురువుగా స్వీకరించలేకపోయానని రాశారు. అయినా తన జీవితాన్ని తీర్చినవాళ్లలో టాల్‌స్టాయ్, రస్కిన్‌ల సరసన నిలిపారు. పూర్తిగా ఒప్పుకోకుండానే ఇంతగా గౌరవించవచ్చునన్న మాట!

మిత్రులారా, మన క్యాంపస్‌లో జెండాలు చాలా ఉన్నాయి, ఉండాలి కూడా. నా అభిప్రాయం నేను మార్చుకోలేదు, మా వాడూ మార్చుకోలేదు. కాని కిందటి వారం వాడి వాదనేమిటో మొదటిసారి చివరిదాకా విన్నాను. నేను తడమని చోటొకటి వాడి చేతికి తగిలిందని మాత్రం ఒప్పుకోక తప్పలేదు.