వాయువును ఇంకా వేడిచేస్తే? – మేఘనాద్ సాహా జీవితం

పదార్థం ఘన, ద్రవ, వాయు స్థితులలో ఉంటుందని మీరు చదివారు. మంచుగడ్డను వేడిచేస్తే నీరవుతుంది. నీటిని మరిగిస్తే ఆవిరవుతుంది. ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఆ ఆవిరిని ఇంకా వేడిచేస్తూ పోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు లెక్కకట్టి జవాబు చెప్పినవారు మేఘనాద్ సాహా. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా నగరానికి సుమారు 45 కి.మీ. దూరంలో ఉన్న శియోరాతలి అనే పల్లెలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న పచారీ కొట్టు నడిపేవారు. ఎనిమిది మంది పిల్లలలో మేఘనాద్ ఐదవవారు. ప్రాథమిక విద్య ముగియగానే కొట్లో కూర్చుంటే చాలునని తండ్రి అభిప్రాయం. పై తరగతుల బడి 10 కి.మీ. దూరంలో సిమూలియా గ్రామంలో ఉంది. అక్కడ ఉండి చదువుకోవడానికి డబ్బు లేదు. చివరకు అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో చోటిచ్చి భోజనం పెట్టడానికి ఒప్పుకున్నారు. షరతులు రెండు. తిన్న కంచం తానే కడుక్కోవాలి, ఇంట్లోని ఆవును చూసుకోవాలి. మొదటి షరతు ఎందుకు పెట్టారో మీరు ఊహించగలరు. సాహా కుటుంబాన్ని అప్పటి సమాజం తక్కువ కులంగా చూసేది.

ఆ బడి చివరి పరీక్షలో సాహా ఢాకా జిల్లాకే మొదటివారుగా వచ్చారు. నెలకు 4 రూపాయల ఉపకారవేతనం దొరికింది. జనపనార మిల్లులో పనిచేసే అన్న నెలకు 5 రూపాయలు పంపేవారు. ఈ డబ్బుతో 1905లో ఢాకా ప్రభుత్వ పాఠశాలలో చేరారు. అదే సంవత్సరం బ్రిటిషు ప్రభుత్వం బెంగాలును రెండుగా విభజించింది. గవర్నరు బడిని చూడటానికి వచ్చినప్పుడు నిరసన తెలిపిన విద్యార్థులలో సాహా కూడా ఉన్నారు. దాంతో ఆయనను బడినుంచి తీసివేశారు, ఉపకారవేతనమూ పోయింది. నెలకు 4 రూపాయలు పోవడమంటే ఏమిటో, ఫీజు కట్టలేక చదువు మానినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక ప్రైవేటు పాఠశాల చేర్చుకోవడంతో చదువు ఆగలేదు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. ఇంత గొప్ప కళాశాలలో చదువుతున్నా, హాస్టలులో కొందరు విద్యార్థులు ఆయన పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకోలేదు.

సాహా ఎం.ఎస్సీ. చదివింది గణితంలో. అయితే 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చాక భౌతికశాస్త్రం బోధించవలసి వచ్చింది. ఉష్ణం, వర్ణపటం వంటి అంశాలను ఆయన తనంత తానుగా పుస్తకాలు చదివి నేర్చుకున్నారు, నేర్చుకుంటూనే బోధించారు. ఇంటివద్ద ఈ పుస్తకం చదువుతున్న మీకు ఆ శ్రమ తెలుసు. 1917లో ఒక పరిశోధన వ్యాసాన్ని అమెరికా పత్రికకు పంపితే, అచ్చు ఖర్చులో కొంత భరించమని అడిగారు. ఆ డబ్బు ఆయన దగ్గర లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వాయువును చాలా ఎక్కువగా వేడిచేస్తే ముందు అణువులు పరమాణువులుగా విడిపోతాయి. తరువాత పరమాణువులనుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. దీనినే అయనీకరణం అంటారు. సూర్యుడిలో ఉన్నది ఇటువంటి వాయువే. ప్రతి మూలకమూ సూర్యకాంతి వర్ణపటంలో తనవైన గీతలను ఏర్పరుస్తుంది. ఆ గీతలు శాస్త్రజ్ఞులకు రెండు చిక్కుప్రశ్నలు మిగిల్చాయి. ఎలక్ట్రాన్ పోయిన కాల్షియం సూర్యుడి ఉపరితలానికి వేల కిలోమీటర్ల ఎత్తున కూడా ఎందుకు కనిపిస్తోంది? రుబీడియం, సీసియం అనే మూలకాలు సూర్యుడిలో అసలే కనిపించవేం?

ఒకసారి మీ వంటింటిని గుర్తుచేసుకోండి. నీరు సాధారణంగా 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులో పీడనం పెరుగుతుంది కాబట్టి సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో గాలి పీడనం తక్కువ. అక్కడ సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. అంటే స్థితి మార్పు ఉష్ణోగ్రతను బట్టే కాక పీడనాన్ని బట్టి కూడా జరుగుతుంది.

అయనీకరణానికీ ఇదే వర్తిస్తుందని సాహా గ్రహించారు. వాయువు పలచగా ఉంటే, ఊడిపోయిన ఎలక్ట్రాన్‌కు తిరిగి చేరడానికి మరో అయాను త్వరగా ఎదురుపడదు. అందువల్ల సూర్యుడిపై ఎత్తైన పలుచని పొరలో, పీడనం తక్కువ కాబట్టి, కాల్షియం ఎక్కువగా అయనీకరణం చెందుతుంది. ఇక రుబీడియం, సీసియం పరమాణువులలో బయటి ఎలక్ట్రాన్ చాలా వదులుగా ఉంటుంది. సూర్యుడి ఉపరితలంపై సుమారు 5,500 డిగ్రీల వేడికి అది దాదాపు అన్నింటిలోనూ ఊడిపోతుంది. ఎలక్ట్రాన్ పోయాక వాటి గీతలు కంటికి కనిపించే కాంతిలో పడవు. మూలకం ఉంది, కనిపించదు! సూర్యుడిపై ఉండే మచ్చలు వెయ్యి డిగ్రీలకు పైగా చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ వెతికితే దొరకవచ్చునని సాహా సూచించారు. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు రస్సెల్ సూర్యమచ్చలలో రుబీడియం గీతలను గుర్తించారు.

ఒక తేడా గమనించండి. నీరు మరగడానికి, ఒక పీడనం వద్ద, ఒక స్థిరమైన ఉష్ణోగ్రత ఉంటుంది. అయనీకరణానికి అటువంటి హద్దు లేదు. వేడి పెరిగేకొద్దీ నూటికి ఇన్ని పరమాణువులు అన్నట్లుగా క్రమంగా పెరుగుతుంది. ఎంత ఉష్ణోగ్రత, ఎంత పీడనం వద్ద ఎంత భాగం అయనీకరణం చెందుతుందో చెప్పేదే సాహా సమీకరణం. ఇది 1920లో లండన్ పత్రికలో వెలువడింది. దీని సహాయంతోనే 1925లో సిసీలియా పేన్ అనే యువ శాస్త్రవేత్త నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియం అని తేల్చారు. అయనీకరణం చెందిన వాయువును నేడు ప్లాస్మా అంటున్నాం. ట్యూబులైటులో వెలిగేదీ, మెరుపులో మెరిసేదీ అదే.

1923 నుంచి 15 ఏళ్లు సాహా అలహాబాదులో పనిచేశారు. 1927లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. తాను స్వయంగా నేర్చుకున్న ఉష్ణశాస్త్రంపై శ్రీవాస్తవతో కలిసి పాఠ్యగ్రంథం రాశారు. దామోదర్ నది వరదల నివారణకు పాటుపడ్డారు. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. దేశంలో రకరకాల పంచాంగాలు వాడుకలో ఉండగా, అందరికీ ఒకటి రూపొందించే సంఘానికి అధ్యక్షత వహించారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలోనే గుండెపోటుతో మరణించారు. ఆ సంఘం రూపొందించిన జాతీయ పంచాంగం మరుసటి సంవత్సరం మార్చి 22న అమలులోకి వచ్చింది.