శత్రువుల బిడ్డకు పాలు పోసిన ఎగ్లంటైన్ జెబ్

నిరుడు మా హాస్టల్లో కొందరు మిత్రులు గది గదికీ తిరిగి పాలపొడి డబ్బాలు, సబ్బులు, పాత నూలుబట్టలు పోగుచేశారు. హైదరాబాదులో బాలాపూర్ వైపు గుడిసెల్లో తలదాచుకొంటున్న రోహింగ్యా శరణార్థుల పసిబిడ్డల కోసమట. మనవాళ్ళకే దిక్కులేదు, పరాయివాళ్ళకెందుకని వాళ్ళను వట్టిచేతులతో పంపినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ తర్వాత లైబ్రరీలో ఎగ్లంటైన్ జెబ్ జీవితం చదివినప్పుడు నా ప్రశ్న నాకే గుచ్చుకొన్నది. ఆమెను ఒకప్పుడు లండన్‌లో చాలామంది అడిగిన ప్రశ్న అదే.

ఆమె 1876లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో కలిగినవారింట పుట్టింది. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివింది. కొన్నాళ్ళు పంతులమ్మగా చేసింది గాని ఆ ఉద్యోగం పడలేదు. విచిత్రమేమంటే ఆమెకు పిల్లలంటే అంత మక్కువ లేదట! పెళ్ళీ చేసుకోలేదు. 1913లో బాల్కన్ యుద్ధం వల్ల ఇల్లూవాకిలీ పోగొట్టుకొన్నవారికి సహాయం అందించడానికి మాసిడోనియా వెళ్ళి, శరణార్థి బతుకేమిటో అక్కడ కళ్ళారా చూసింది.

మన ఇళ్ళలో బిడ్డ పుడితే అమ్మమ్మ పాత నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తుంది. కట్టుబట్టలతో ఊరు విడిచిన తల్లికి చింపడానికి ఆ పాతచీరైనా ఉండదు. ఈ సంగతి నాకెన్నడూ తట్టలేదు.

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ఆగింది గాని మిత్రరాజ్యాల దిగ్బంధం ఆగలేదు. వియన్నాలో పాలూ కొవ్వుపదార్థాలూ కరువై పసివాళ్ళ ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర్లు పోయాయి. 1919 ఏప్రిల్‌లో జెబ్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, ఆకలికి శుష్కించిన ఒక ఆస్ట్రియా బిడ్డ ఫోటో ఉన్న కరపత్రాలు పంచింది. సెన్సారు అనుమతి లేదని పోలీసులు పట్టుకొన్నారు. కోర్టులో తన వాదన తానే వినిపించుకొన్నది. 5 పౌండ్ల జుల్మానా పడింది. తమాషా ఏమంటే, ఆమెకు శిక్ష వేయమని వాదించిన ప్రాసిక్యూషన్ లాయరే ఆ తర్వాత తన సొంత డబ్బు 5 పౌండ్లు ఆమె చేతిలో పెట్టాడు. సేవ్ ది చిల్డ్రన్ నిధికి తొలి విరాళం అదేనంటారు.

మే 19న రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆ నిధికి ప్రారంభసభ జరిగింది. ఈ పనిలో చెల్లెలు డొరోతీ బక్స్‌టన్ మొదటినుంచీ ఆమెకు తోడు. శత్రువుకు పాలుపోసే ద్రోహుల మీద విసరాలని కొందరు కుళ్ళిన ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చారట. ఆమె మాట్లాడాక హాలులో చందాలు వసూలయ్యాయి. మన సభల్లోనూ ఇలా జరిగితే ఎంత బావుణ్ణు!

జాలి ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. పత్రికల్లో పెద్దపెద్ద ప్రకటనలు వేయించింది. శరణార్థులకు నాలుగురోజుల తిండి పెట్టి వదిలేస్తే లాభం లేదని, కాలు నిలదొక్కుకొనే దారి కూడా చూపాలని వాదించింది. 1921 కరువులో రష్యాలోని సరాటోవ్ పిల్లలకు ఆ నిధి అన్నం పెట్టింది. ఆపత్కాలంలో మొట్టమొదట సహాయం అందవలసింది బిడ్డకేనన్న ఆమె బాలల హక్కుల ప్రకటనను 1924 సెప్టెంబరులో నానాజాతి సమితి ఆమోదించింది.

ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. 1928 డిసెంబరులో జెనీవాలో కన్నుమూసింది. అప్పటికి 52 ఏళ్ళు.

మొన్న మా అమ్మమ్మకు ఫోన్ చేసి, పాత నేతచీరలుంటే పంపమన్నాను. ఎవరింట్లో పురుడని అడిగింది. చెప్పాను. ఆరు చీరలు ఉతికి, మడతపెట్టి పంపింది.