ఓడినా నిలిచిన మనిషి – నీలం సంజీవరెడ్డి

మా ఆళ్లగడ్డ వైపు పొలాలకు తెలుగుగంగ నీళ్లొస్తాయి. శ్రీశైలం జలాశయంలో బయలుదేరి, పోతిరెడ్డిపాడు, వెలుగోడు దాటి మా మళ్లలోకి దిగుతాయి. ఆ జలాశయానికి పెట్టిన పేరు నీలం సంజీవరెడ్డి సాగర్. రాష్ట్రపతిగా ఆయన్ను ఎరగనివారు లేరు. తొలినాళ్లలో ఆయన తిన్న దెబ్బలు మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో జన్మించారు. అనంతపురం ఆర్ట్సు కాలేజీలో చదువుతూ, గాంధీగారి ప్రభావంతో 1931లో చదువు వదిలేసి ఉద్యమంలో దిగారు. అప్పటికి పద్ధెనిమిదేళ్లు. సేద్యగాళ్ల ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన కొడుకు చదువు మానేశానంటే ఇల్లు ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1938లో, ఇరవై అయిదేళ్లకే, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి అయ్యారు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైళ్లలోనే గడిచింది. 1942 మార్చిలో వదిలిపెట్టి, ఆగస్టులో మళ్లీ పట్టుకుపోయారు. విదర్భలోని అమరావతి జైల్లో ప్రకాశం పంతులుగారు, కామరాజ్, వి.వి.గిరి ఆయనకు తోటి ఖైదీలు.

అసలు పరీక్ష 1952లో వచ్చింది. అంతకు ముందటేడే ఆచార్య రంగాగారిని ఓడించి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడైన మనిషి, తొలి సాధారణ ఎన్నికల్లో సొంత అనంతపురంలోనే ఓడిపోయారు. గెలిచింది ఎవరో కాదు, స్వయానా బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఊళ్లో వార్డు ఎన్నికకే అన్నదమ్ములు మాటలు మానుకోవడం చూసినవాణ్ణి నేను. ఆ ఓటమి ఎంత బరువో ఊహించగలను. ఆయన మూల కూర్చోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

1969లో రాష్ట్రపతి ఎన్నికలో మళ్లీ ఓటమి. ఈసారి గెలిచింది ఒకనాటి జైలు సహచరుడు గిరిగారు. సంజీవరెడ్డిగారు అనంతపురం తిరిగొచ్చి సేద్యం చేసుకున్నారు. 1977లో మన నంద్యాల నుంచి జనతా అభ్యర్థిగా లోక్‌సభకు నిలబడ్డారు. రాష్ట్రంలో 42 స్థానాలుంటే 41 కాంగ్రెసువి, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల! ఆ ఏడే స్పీకరై, జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

చదువబ్బనివాడికే సేద్యం అని మా ఊళ్లలో అంటుంటారు. పరీక్ష తప్పినవాడు మడక పట్టడాన్ని శిక్షగా చూస్తారు. ఆ మాట నాకు ఎన్నడూ నచ్చలేదు. ఓడి పొలానికి వెళ్లిన మనిషే ఎనిమిదేళ్ల తర్వాత రాష్ట్రపతి భవనం మెట్లెక్కాడు. ఆయనలా కాలేజీ మానమని నేననను. మనకు డిగ్రీ కావాలి. నేర్చుకోవలసింది మాత్రం ఓడిన మర్నాడు ఆయన ఏం చేశాడన్నది.