వంటగదిలో దైవసన్నిధి
(సహోదరుడు లారెన్సు జీవితము)

ప్రార్థనకు తీరిక చాలుట లేదను మాట సంఘస్థుల గృహములను దర్శించునప్పుడు మేము తరచుగా వినుచున్నాము. మార్మికులు, దైవానుభవము అనగానే కొండ గుహలును, ఏకాంతవాసులును జ్ఞాపకమునకు వచ్చి, ఆ మార్గము సంసారులమైన మనది కాదని తలంచుదుము. సహోదరుడు లారెన్సు జీవితము ఈ తలంపును సరిదిద్దును.

ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. నేడు ఫ్రాన్సులో భాగమైన లొరేన్ ప్రాంతమున సుమారు 1614లో ఒక సామాన్య కుటుంబములో జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, చలికాలములో ఆకులన్నియు రాలిన ఒక చెట్టును చూచెను. కొలది కాలములో అది మరల చిగిర్చి, పూచి, ఫలించునను తలంపు ఆయన హృదయమును దేవుని వైపు త్రిప్పెను. ముప్పది యేండ్ల యుద్ధములో సైనికుడుగా గాయపడి కుంటివాడయ్యెను. కొంతకాలము ఒకరి యింట సేవకుడుగా పనిచేసెను.

1640లో పారిస్ నగరమందలి కార్మెల్ మఠములో చేరెను. అంతగా చదువు లేనందున గురువు కాలేదు, వంటపని అప్పగింపబడెను. అది ఆయనకు బొత్తిగా ఇష్టము లేని పని. అయినను సుమారు పదిహేనేండ్లు ఆ వంటగదిలోనే శ్రమించెను. తరువాత చెప్పులు కుట్టు పని చేసెను.

మొదటి పదియేండ్లు ఆయనకు నెమ్మది లేదు. గత పాపముల జ్ఞాపకము ఆయనను వేధించెను. అయినను విడువక, పని నడుమ దేవునితో మాటలాడుట అలవరచుకొనెను. మరచినప్పుడు నిరాశపడక, క్షమాపణ వేడుకొని, మరల ఆయనవైపు తిరిగెను. పెనముమీది గ్రుడ్డట్టును త్రిప్పినను, నేలమీది గడ్డిపరకను ఎత్తినను దేవుని ప్రేమకొరకే చేసెను. క్రమేణ వంటగది సందడిలోను, ప్రభు సంస్కారము నెదుట మోకరించినప్పుడును ఆయన మనస్సు ఒకే నెమ్మదితో నుండెను.

1691 ఫిబ్రవరి 12న ఆయన ప్రభువునందు నిద్రించెను. జోసెఫ్ ద బొఫోర్ అను గురువు ఆయన లేఖలను, సంభాషణలను సేకరించి ప్రకటించెను. రోమను కతోలికుడైన ఆయన మాటలను జాన్ వెస్లీ సయితము తన అనుచరులకొరకు ముద్రించెను.

ఆదివారమున గుడి తలుపులు మూయగానే మన ప్రార్థనయు ముగియుచున్నదా? పొయ్యిదగ్గర గడచు గంట, బస్సుకొరకు నిలుచు పది నిమిషములు, కార్యాలయములో మనకు నచ్చని పని, ఇవన్నియు మనకున్నవి. లారెన్సుకు ఇంతకంటె అనుకూలమైన స్థలమేదియు దొరకలేదు. తీరిక దొరికిన దినమున ప్రార్థింతుమని వాయిదా వేయక, రేపటి పనిలోనే, ఒక్క చిన్న మాటతోనైనను, మనమును ఆరంభింతము.