నాలుగు పేర్ల వెంకయ్యగారు

పింగళి వెంకయ్యగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటే. జనం పెట్టినవి నాలుగు. జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య, అన్నిటికీ మించి జెండా వెంకయ్య. మన పాఠ్యపుస్తకాలు ఈ చివరి పేరును మాత్రమే పట్టుకొని, నాలుగు పంక్తుల్లో ఆయనను ముగించి, పక్క పాఠానికి పోతాయి. నాకు మాత్రం మిగిలిన మూడు పేర్లమీదనే ఆసక్తి ఎక్కువ. ఆ మూడూ లేకుంటే నాలుగోది వచ్చేది కాదని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

ఇంకో కారణం కూడా ఉంది. మా గోరంట్లకు బెంగుళూరు దగ్గర. మా పక్క డిగ్రీ ముగించిన అన్నలూ అక్కలూ అక్కడికి పోయి, కొందరు ఈ మధ్య యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్లమని చెబుతున్నారు. ఫోను తెరమీద ఏది ఎక్కడుంటే వాడేవాడికి తికమక లేకుండా పని జరుగుతుందో ఆలోచించి గీయడం వాళ్ల ఉద్యోగం. పండుగకు వాళ్లు ఊరికి వస్తే మేమంతా చుట్టూ చేరి అడిగేది ఒకటే: బి.ఎస్సీ. చదివి ఆ పనికి ఎట్లా పోయినారు? ఒక్కరూ తిన్నని దారి చెప్పరు. ఒకరు లెక్కలు చదివి, కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పి, తర్వాత అచ్చు పనిలో చేరి అక్కడినుంచి పోయినారు. ఇంకొకరిది మరో వంకర దారి. మా పెద్దవాళ్ల దృష్టిలో ఇదంతా నిలకడలేనితనం. ఏటేటా పంట మార్చే రైతు బాగుపడడని వాళ్ల లెక్క. ఏటేటా శెనక్కాయే వేసి బాగుపడినవాణ్ణి కూడా మా వూళ్లో నేను చూడలేదు, అది వేరే సంగతి.

ఈ నిలకడలేనితనం అనే మాటను దగ్గర పెట్టుకొని వెంకయ్యగారి జీవితం చూద్దాం.

ఆయన 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టినారు. మచిలీపట్నంలో హైస్కూలు చదువు. ఆ తర్వాత బ్రిటిషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి పోయినారు. 1899లో మొదలై 1902లో ముగిసిన యుద్ధమది. గాంధీగారు అప్పుడు అక్కడే ఉండి, గాయపడినవాళ్లను మోసే భారతీయ దళం నడుపుతుండినారు. వీరిద్దరి పరిచయం అక్కడనే మొదలైందని చెబుతారు. తిరిగి వచ్చి రైల్వేలో గార్డుగా పనిచేసినారు. కొంతకాలం బళ్లారిలో ప్లేగు ఉద్యోగి. బళ్లారి అంటే మనకు పరాయి ఊరు కాదు. 1882 దాకా అనంతపురం జిల్లా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో ప్లేగు ఉద్యోగి గడప తొక్కుతున్నాడంటే జనానికి రోగమంత భయం. ఇల్లు ఖాళీ చేయిస్తాడు, సామాను ఎండలో పడేయిస్తాడు. తనను చూసి భయపడే జనంతో మాట్లాడి పని జరిపించుకోవడం ఏ కళాశాలలోనూ నేర్పే విద్య కాదు.

అక్కడినుంచి పత్తికి వచ్చినారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి ప్రోత్సాహంతో నడిగూడెంలో ఉండి పత్తి రకాలమీద పరిశోధన చేసినారు. ముఖ్యంగా కంబోడియా పత్తి. ఈ శతాబ్దపు మొదట్లో అనబోయినాను, కాదు, పోయిన శతాబ్దపు మొదట్లో, 1904 ప్రాంతంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చిన రకమిది. వృక్షశాస్త్రంలో దీన్ని గాసిపియం హిర్సూటం అంటాము. మన నాటు పత్తి పోగు పొట్టి, దీనిది పొడుగు. పోగు పొడుగైతే నూలు సన్నగా, తెగకుండా వస్తుంది. ఈ తేడా రాట్నం ముందు కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తుంది, అమ్మేవాడికి సంతలో తెలుస్తుంది. పత్తి వెంకయ్య అనే పేరు ఈ కాలంలోనే వచ్చింది. జపాను భాష నేర్చుకొని 1913లో బాపట్లలో ఆ భాషలో ఉపన్యాసమిచ్చినారని ప్రసిద్ధి. జపాన్ వెంకయ్య అన్న పేరు దానివల్లనే.

తర్వాత మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయులు. 1910లో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగార్లు పెట్టిన కళాశాల అది. సర్కారు చదువుకు బదులు చేతిపని, జాతీయభావం నేర్పాలని వాళ్ల సంకల్పం. అక్కడ ఉన్న కాలంలోనే, 1916లో, జాతీయ జెండామీద ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం వేసినారు. వేరే దేశాల జెండాల సంగతులు రాసి, మన దేశానికి పనికివస్తాయని ముప్ఫై నమూనాలు గీసి చూపినారు.

ఈ ముప్ఫై అనే అంకె దగ్గర కొంచెం ఆగాల. ఒక నమూనా గీసి ఇదే గొప్పది, తీసుకోండి అని పట్టుబట్టేవాళ్లు లోకంలో చాలామంది. ముప్ఫై గీసినవాడికి ఏది నచ్చుతుందో తనకు తెలియదని ఒప్పుకునే ధైర్యం ఉన్నట్టు. బెంగుళూరు అక్క ఒకామె తన పని గురించి చెప్పింది కూడా ఇదే: మొదట గీసినదానిమీద ప్రేమ పెంచుకోకూడదట.

అయితే ఆ ముప్ఫైలో ఒక్కటీ నిలవలేదు. వెంకయ్యగారు పుస్తకం చంకన పెట్టుకొని ప్రతి కాంగ్రెసు మహాసభకూ పోయి జెండా గురించి అడుగుతూనే వచ్చినారు. గాంధీగారు 1921 ఏప్రిల్లో తమ పత్రిక యంగ్ ఇండియాలో దీని గురించి రాస్తూ, నాలుగేండ్లుగా వెంకయ్యగారి పట్టుదలను మెచ్చుకుంటూనే ఉన్నాననీ, ఆయన నమూనాల్లో మాత్రం జాతిని కదిలించేది తనకేమీ కనబడలేదనీ నిర్మొహమాటంగా చెప్పినారు. అంత పెద్దమనిషి, అచ్చులో, దేశమంతా చదివే పత్రికలో అట్లా రాస్తే మనలో ఎంతమందిమి మళ్లీ కుంచె పట్టుకుంటాము?

మలుపు బెజవాడలో వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ అక్కడ సమావేశమైంది. జెండామీద రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌గారు అంతకుముందు గాంధీగారికి సూచించి ఉన్నారు. గాంధీగారికి ఆ మాట నాటుకొంది. బెజవాడలో వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు ఆకుపచ్చలమీద రాట్నం వచ్చేట్టు గీసి ఇమ్మన్నారు. మూడు గంటల్లో నమూనా తయారు. ఆ మూడు గంటల వెనక అయిదేండ్ల పుస్తకం, ముప్ఫై నమూనాలు ఉన్నాయన్నది ఎవరూ లెక్కలో రాయరు. అయినా అది కమిటీ ముందుకు పోయే వేళకు కొంచెం ఆలస్యమైంది. ఆలస్యమే మంచిదైందని గాంధీగారు తర్వాత రాసినారు. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముసల్మానులది అయితే మిగిలిన మతాలవాళ్ల గతేమని ఆలోచించుకొనే వ్యవధి దొరికి, తెలుపు కూడా చేర్చమన్నారు. అట్లా మూడు పట్టీలు వచ్చినాయి: పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడింటి మీదుగా రాట్నం. సంఖ్యలో చిన్నవాళ్లు పైన, పెద్దవాళ్లు అడుగున ఉండి కాపు కాయాలని ఆ వరుస.

మా వూరి వడ్రంగి గొర్రు చేసే ముందు ఎద్దుల ఎత్తు అడుగుతాడు, తోలేవాడి ఎత్తు అడుగుతాడు, నేల నల్లదా ఎర్రదా అడుగుతాడు. వాడేవాణ్ణి అడగకుండా చేసిన సామాను అటకమీదకే. జెండాను వాడేవాడెవడు? చదువురాని రైతు, నూలు వడికే ఆడమనిషి, ఊరేగింపులో ముందు నడిచే పిల్లవాడు. దూరంనుంచి, గాలిలో మడతలు పడుతూ ఉన్నప్పుడు చూసినా ఇది మనదే అని తెలియాల. ఊళ్లో దొరికే ఖద్దరుతో, ఊరి దర్జీ కుట్టేట్టు ఉండాల. ముప్ఫై నమూనాలు చేయలేని పని రాట్నం చేసిందంటే కారణం ఇదే. దాన్ని చూసి గుర్తుపట్టడానికి అక్షరం అక్కరలేదు. పత్తి, పోగు, నూలు తెలిసిన మనిషి చేతికే ఆ రాట్నం గీసే పని రావడం నాకు కాకతాళీయంగా తోచదు.

ఆ జెండా పట్టుకొని 1923లో నాగపూరులో సత్యాగ్రహం చేసి ఎందరో జైళ్లకు పోయినారు. కాని రంగులకు మతాల అర్థం చెప్పినందున పేచీ వచ్చింది. మా రంగేదని సిక్కులు అడిగినారు. 1931లో కాంగ్రెసు ఏడుగురితో జెండా కమిటీ వేసింది. పటేలు, నెహ్రూ, ఆజాద్‌గార్లు అందులో ఉండినారు. దాని సమావేశకర్త మన పట్టాభిగారే. ఈ కమిటీ ప్రశ్నావళి పంపి రాష్ట్ర కాంగ్రెసు కమిటీల అభిప్రాయాలు సేకరించింది. అంతా కాషాయమే, మూలన రాట్నం అని సిఫారసు చేసింది. అదీ నెగ్గలేదు. చివరకు ఆ ఏడు ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నీలి రాట్నం ఖాయమైంది. రంగులు ఏ మతానివీ కావని, ధైర్యానికీ, సత్యానికీ, విశ్వాసానికీ గుర్తులని తీర్మానంలో స్పష్టం చేసినారు.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో రాట్నం స్థానంలో సారనాథ్ అశోక చక్రం వచ్చింది. దీనికి నెహ్రూగారు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు చాలా నచ్చింది. జెండా రెండువైపులా ఒకేలా కనబడాల. రాట్నానికి ఒకవైపు చక్రం, ఒకవైపు కదురు. అటువైపునుంచి చూస్తే తిరగబడుతుంది. చక్రమొక్కటే అయితే ఎటు చూసినా ఒకటే. కవిత్వం ఏమీ లేదు, వట్టి జ్యామితి. ఇరవై ఆరేండ్లు వాడినందువల్ల బయటపడిన లోపం, వాడుక వల్లనే దిద్దుబాటు. తర్వాత మన ప్రమాణాల సంస్థ జెండా ఖద్దరుకు కొలతలు, రంగులు నిర్ణయిస్తూ 1951లో ఇచ్చిన ప్రమాణానికి ఐ.ఎస్. 1 అని అంకె పడింది. దేశంలో మొట్టమొదటి ప్రమాణం అదే.

కాబట్టి ఇవాళ ఎగిరే జెండాను వెంకయ్యగారు ఒక్కరే గీసినారనడం సరికాదు. రాట్నం హంసరాజ్‌గారి సూచన, తెలుపు గాంధీగారిది, రంగుల వరుస కమిటీలది, చక్రం 1947 నాటిది. తుది నమూనా తయారీలో సురయ్యా త్యాబ్జీగారి పేరు కూడా చెబుతారు. ఇట్లా చెబితే మనవాణ్ణి తగ్గించినట్టు కొందరు మిత్రులు కోపగించుకుంటారు. నేను ఒప్పుకోను. ఎవరూ అడగనప్పుడు అయిదేండ్లు అడిగించినవాడు ఆయన. అడిగిననాడు మూడు గంటల్లో చేతిలో పెట్టినవాడు ఆయన. తన గీతను ఇతరులు దిద్దుతుంటే అడ్డం నిలబడలేదు. మా లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ పేరు తెలుసు గాని, ఆ నంది చెక్కిన చేతుల పేరు ఎవరికీ తెలియదు. వెంకయ్యగారి పేరు నిలిచింది, కొంత ఆలస్యంగానైనా.

జెండా చేతులు దాటిపోయిన తర్వాత ఆయన కూర్చోలేదు. రాళ్లవైపు పోయినారు. నెల్లూరులో ఉండి అభ్రకంమీద, ఆ పైన వజ్రాలమీద పనిచేసినారు. వజ్రపు తల్లిరాయి అని పుస్తకం రాసినారు. తల్లిరాయి, ఎంత చక్కని మాట! మా జియాలజీ పాఠంలో కింబర్లైటు అని చదువుతాము. భూమిలో నూరు మైళ్ల లోతునుంచి వజ్రాన్ని మోసుకొని పైకి వచ్చే రాయి అది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఆ గొట్టాలు ఉన్నాయి. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల చేలలో జనం వంగి వెదుకుతూ కనబడతారు. బెట్ట ఏడు మరీ ఎక్కువమంది. విత్తనం మొలవని నేలలో రాయైనా దొరుకుతుందేమోనని. వాళ్లలో తల్లిరాయి అంటే తెలియనివాడు ఉండడు, కింబర్లైటు అంటే తెలిసినవాడు ఉండడు. పుస్తకానికి ఏ పేరు పెట్టాలో వెంకయ్యగారికి తెలుసు.

సైన్యం, రైలు, ప్లేగు, పత్తి, పాఠం, జెండా, రాయి. ఇన్ని పనులు చేసిన మనిషి డబ్బు మాత్రం చేయలేదు. చివరి రోజులు విజయవాడలో చాలా ఇబ్బందిగా గడిచినాయి. 1963 జూలై 4న పోయినారు. తన దేహంమీద జాతీయ పతాకం కప్పి, తర్వాత దాన్ని చెట్టుకు కట్టమని ఆఖరి కోరికగా అడిగినారని చెబుతారు. భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది 2009లో. అప్పటికి ఆయన పోయి నలభై ఆరేండ్లు.