దమస్కులో కన్నులు తెరచిన రచయిత

పౌలు గ్రుడ్డివాడై ప్రవేశించి చూపు పొందిన దమస్కు పట్టణమును మీరెరుగుదురు. 1930 ప్రాంతమున అక్కడనే మరియొకని కన్నులు తెరవబడెను. ఆయన ఫ్రాంజ్ వెర్ఫెల్.

వెర్ఫెల్ 1890లో ప్రాగ్ నగరమున యూదుల యింట జన్మించెను. జర్మను భాషలో కవిగాను నాటకకర్తగాను పేరు పొందెను. దమస్కులో ఒక తివాచీల కర్మాగారమునకు వెళ్లగా బక్కచిక్కిన అనాథ బాలురు పనిచేయుచుండుట చూచెను. వారు ఆర్మీనియా క్రైస్తవుల బిడ్డలు. 1915లో తుర్కీ ప్రభుత్వము ఆ జనమును ఇండ్లనుండి వెళ్లగొట్టి సిరియా ఎడారికి తోలించెను. కత్తిచేతను ఆకలిచేతను చచ్చినవారు సుమారు 10 లక్షలు, లేక అంతకు మించి.

ఆ బాలుర ముఖములు వెర్ఫెల్‌ను విడువలేదు. మూసా దాగ్, అనగా మోషే కొండ, ఎక్కి తమ్మును కాపాడుకొనిన ఆరు గ్రామములవారి చరిత్రను ఆయన పరిశోధించి నవలగా వ్రాసెను. 1915 సెప్టెంబరులో 4 వేలకు పైబడిన ఆ జనమును ఫ్రెంచి ఓడలు రక్షించి ఐగుప్తునకు చేర్చెను. యోసేపు మరియలు శిశువుతో ఆశ్రయము పొందినది ఆ దేశముననే గదా!

ఈ నవలలో మేము ముఖ్యముగా గమనించినది ఒకటి కలదు. తుర్కీవారందరిని ఆయన దయ్యములుగా చూపలేదు. హింసింపబడినవారికి తోడుపడిన తురుష్క వృద్ధుడును ఇందు కలడు. ఆర్మీనియనులను దేవదూతలుగాను చూపలేదు. కొండమీద వారిలో జగడములును, ద్రోహమును కలవు. చంపబడువాడు మంచివాడైనందున కాదు, మనుష్యుడైనందున అతని ప్రాణము విలువైనదని ఆ కథ మనకు తెలుపుచున్నది. జర్మను బోధకుడైన యోహన్నెస్ లెప్సియస్ 1915లో మంత్రియగు ఎన్వర్ పాషా యెదుట నిలిచి ఆ జనము కొరకు బ్రతిమాలిన సంగతియు ఇందు వ్రాయబడెను. మంత్రి మనస్సు కరగలేదు. అయినను లెప్సియస్ ఊరకుండక, 1916లో తన దేశమందలి సెన్సారునకు వెరవక ఆ ఘోరములను అచ్చువేయించి పంచిపెట్టెను.

నవల 1933 నవంబరులో వెలువడెను. హిట్లరు ప్రభుత్వము 1934లో దానిని నిషేధించెను. తరువాత వార్సా మొదలగు పట్టణములలో గోడల మధ్య బంధింపబడిన యూదులు దానిని చేతినుండి చేతికి అందించుకొని చదివి ధైర్యము తెచ్చుకొనిరి. వెర్ఫెల్ కూడ 1940లో గుండె జబ్బుతోనే పిరనీసు కొండలు కాలినడకన దాటి అమెరికా చేరి, 1945లో అక్కడ మరణించెను.

సంహారము కత్తితో ఆరంభము కాదు. పొరుగువాడు మనవంటివాడు కాడను మాటతో ఆరంభమగును. ఆ మాట మన యింటిలో, బావి యొద్ద, సంతలో వినబడినప్పుడు మనము ఊరకుందుమా? ఈ మాసమున ఆదికాండము 4వ అధ్యాయమును కుటుంబముతో చదివి, తమ్ముని గూర్చి కయీనును దేవుడు అడిగిన ప్రశ్నకు మన యుత్తరమేమో ఆలోచించుకొందము.